అంటార్కిటికాలో జనరేటర్ మెకానిక్ కావలెను

పోయిన మంగళవారం రాత్రి పదకొండు దాటాక మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. దాని కింద ఒకటే ముక్క: "అన్నా, ఒక్కసారి సదువు." వాడు ఉన్నది పక్క గదిలోనే. లేచొచ్చి చెప్పొచ్చు. కానీ మా ఇంట్లో పెద్ద సంగతులన్నీ ముందు ఫోన్లో మొదలై, తర్వాత మనుషుల దాకా వస్తాయి. మీ ఇంట్లోనూ అంతే అనుకుంటా.

తెరిచి చూస్తే ఉద్యోగ ప్రకటన. గోవాలో ఉండే జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం వాళ్లది. పోస్టుల లిస్టు చదువుతుంటే మా గోదావరిఖని వర్క్‌షాప్ ముందు నోటీసు బోర్డు చూస్తున్నట్టే ఉంది. ఎలక్ట్రీషియన్, వెల్డర్, ప్లంబర్, కార్పెంటర్, డోజర్ ఆపరేటర్, బండ్ల మెకానిక్, జనరేటర్ మెకానిక్, వంటవాడు. పని చేయాల్సిన చోటు మాత్రం అంటార్కిటికా.

మా వాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు. ఒక కాంట్రాక్టర్ దగ్గర ఓసీపీలో డంపర్ల రిపేరు పని. మే నెలలో మా దగ్గర ఎండ 45 దాటుతుంది. ఆ ఎండలో డంపర్ ఇంజన్ మీద చెయ్యి పెడితే తోలు ఊడొస్తుంది. అట్లాంటి పని చేసేవాడు మైనస్ 30కి పోతానంటున్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. ఆ రాత్రి రెండింటి దాకా చదువుతూనే ఉన్నాను. ఈ వారం కాలమ్‌కి వేరే టాపిక్ అనుకున్నా గానీ, బుర్రలో ఇదే తిరుగుతుంటే ఇంకోటి రాయబుద్ధి కాలేదు.

అంటార్కిటికాలో మనకు రెండు స్టేషన్లు నడుస్తున్నాయి. ఒకటి మైత్రి, 1989 నుంచి ఉంది. రెండోది భారతి, 2012లో మొదలైంది. రెంటికీ మధ్య దూరం సుమారు 3000 కిలోమీటర్లు. అంటే 'పక్క స్టేషన్' అని పేరుకే. భారతిని ఓడల్లో సరుకు పంపే కంటైనర్లతో కట్టారు, మొత్తం 134. వీటికంటే ముందు దక్షిణ గంగోత్రి అని ఒకటుండేది. 1983-84లో మూడో యాత్ర వాళ్లు కట్టారు. ఆ యాత్రకు నాయకుడు హర్ష్ గుప్తా, తర్వాత మన హైదరాబాద్ ఎన్జీఆర్ఐకి డైరెక్టర్‌గా చేశారు. అందులో 12 మంది మొదటిసారి చలికాలమంతా ఉండిపోయారు. కొన్నేళ్లకు ఆ స్టేషన్ మంచులో కూరుకుపోయింది, వదిలేశారు.

ఎండాకాలంలో అక్కడికి శాస్త్రవేత్తలు వస్తారు, పోతారు. ఓడ వస్తుంది, విమానం వస్తుంది. అసలు కథ అవి రావడం ఆగిపోయాక మొదలవుతుంది. మార్చి నుంచి అక్టోబర్ దాకా రాకపోకలు బంద్. స్టేషన్లో పాతిక మంది మిగులుతారు. వాళ్లలో సగం మంది సైంటిస్టులు కాదు. డాక్టరు, వంటవాళ్లు, కరెంటు, నీళ్లు, ఇంజన్లు చూసేవాళ్లు. స్టేషన్ బతికుండాలంటే ముందు జనరేటర్ తిరగాలి. మామూలు డీజిల్ ఆ చలికి గడ్డకడుతుంది, అందుకే విమానాల్లో పోసే రకం ఇంధనం వాడతారు. ఇది చదివినప్పుడు మా తమ్ముడి మొహం గుర్తొచ్చింది. ఎవరూ పట్టించుకోని పనిని ఇంత గౌరవంగా చూసే చోటు ఒకటుందని వాడికి తెలిసిపోయింది, అంతే.

పొద్దున చాయ్ తాగుతుంటే వాడే బయటపెట్టాడు. అమ్మ అర్థం కాక నా వైపు చూసింది. బాపు చాయ్ కప్పు కింద పెట్టాడు.

బాపు ముప్పై నాలుగేళ్లు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. టింబర్‌మన్. అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు, కంబాలు నిలబెట్టే పని. ఆయన ఏ విషయానికైనా అవునని గానీ కాదని గానీ ముందు అనడు. ప్రశ్నలు అడుగుతాడు. ఒక్కో ప్రశ్న కొత్త గ్యాలరీలోకి దిగే ముందు కర్రతో పైకప్పు కొట్టి చూసినట్టు ఉంటుంది.

మొదటి ప్రశ్న: "గాలెట్లాడుతదిరా ఆడ?"

మా తమ్ముడు నవ్వాడు. "బాపూ, అది బాయి గాదు, భూమి మీదనే ఉంటది."

"భూమి మీదుంటె ఏంది, తలుపులన్నీ బిగిచ్చుకోని లోపట ఇంజన్లు తిప్తున్నరు గదా."

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే రాత్రి చదివిన వాటిలో అదీ ఉంది. 1990 జనవరిలో మన యాత్రకు వెళ్లినవాళ్లలో నలుగురు, స్టేషన్‌కు దూరంగా కొండల దగ్గర టెంటులో చనిపోయారు. చలికి కాదు. టెంటులో చేరిన కార్బన్ మోనాక్సైడ్‌కి. వాసన ఉండదు, రంగు ఉండదు. ఆ గ్యాస్ సంగతి బాపుకు నేను చెప్పక్కర్లేదు. నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా కట్టుకుని ముప్పై ఏళ్లు తిరిగింది దానికి భయపడే. అంత చల్లటి చోట మనిషిని చలి కంటే ముందు వెచ్చదనం కోసం చేసే ఏర్పాటే చంపొచ్చని ఆయనకు అడక్కుండానే తెలుసు.

రెండో ప్రశ్న: "మనుషుల లెక్క ఎవలు సూస్తరు?"

ఇది మా బొగ్గుబాయి వాళ్ల ప్రశ్న. బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. బాయిలోకి దిగే ముందు ల్యాంప్ రూంలో దీపం తీసుకుంటారు, టోకెన్ బిళ్ల ఇస్తారు. షిఫ్ట్ అయ్యాక ఎవరి దీపం వెనక్కి రాలేదో వాళ్లు ఇంకా లోపలే ఉన్నట్టు. చీకట్లో మనిషిని కళ్లతో చూసి లెక్కపెట్టలేరు కదా, దీపాలతో లెక్కపెడతారు.

అక్కడా అట్లాంటిదే ఉంది. స్టేషన్ నుంచి బయటికి పోతే ఎక్కడికి, ఎప్పుడొస్తావని చెప్పి పోవాలి. చేతిలో వాకీటాకీ ఉండాలి. మంచు తుఫాను లేస్తే గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. చాచిన చెయ్యి కనపడదు. ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి తాడు కట్టి ఉంచుతారు, ఆ తాడు పట్టుకుని నడవాలి. నలభై అడుగుల దూరమే కదా అని తాడు వదిలితే, ఆ నలభై అడుగుల్లోనే మనిషి తప్పిపోతాడు. బాపు తల ఊపాడు. తాడు ఉందనగానే ఆయనకు కొంచెం నమ్మకం కుదిరినట్టుంది.

మూడో ప్రశ్న: "రోగమొస్తె?"

ఇక్కడ నేను ఆగలేకపోయాను. ఈ కథ మీకు తెలిసే ఉండొచ్చు, రీల్స్‌లో కూడా తిరుగుతుంది. కానీ అది జరిగింది మన మైత్రికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న రష్యన్ స్టేషన్ నోవోలజారెవ్‌స్కాయాలో అని నాకు ఆ రాత్రే తెలిసింది. 1961 ఏప్రిల్ 30. అక్కడున్న ఒకే ఒక్క డాక్టర్ లియోనిద్ రొగోజోవ్, వయసు 27. అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ చేయాల్సింది తనకే, చేయాల్సినవాడూ తనే. తుఫాను, విమానం రాదు. మత్తుమందు పొట్ట దగ్గర వరకే ఇచ్చుకుని, తనే కోసుకుని, తనే కుట్టుకున్నాడు. సుమారు గంటా నలభై ఐదు నిమిషాలు. పక్కన ఉన్నది నర్సులు కాదు. వాతావరణం లెక్కలు రాసే ఒకాయన సామాను అందించాడు. ఒక మెకానిక్ అద్దం, దీపం పట్టుకున్నాడు. రెండు వారాల్లో డాక్టర్ డ్యూటీకొచ్చాడు.

"మెకానిక్కా?" అన్నాడు బాపు.

"అవ్ బాపూ, మెకానిక్కే."

మా తమ్ముడు ఏమీ అనలేదు గానీ కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాంతో తొందరగా మిగతాది చెప్పాను. ఇప్పుడు వెళ్లేవాళ్లకు ముందే ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షలు చేస్తారు. ఒంటికే కాదు, మనసుకు కూడా. తర్వాత ఉత్తరాఖండ్‌లో ఔలి మంచుకొండల్లో శిక్షణ. ఇన్ని జల్లెడలు దాటాకే ఓడైనా విమానమైనా.

నాలుగోది బాపు చాలాసేపు ఆలోచించి అడిగాడు. "ఇంజన్ కాలిపోతె?"

దీనికి జవాబు రష్యా వాళ్ల వోస్తోక్ స్టేషన్లో ఉంది. భూమ్మీద కొలిచిన వాటిలో అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 89.2 డిగ్రీలు, 1983 జూలైలో అక్కడే నమోదైంది. దానికి ఏడాది ముందు, 1982 ఏప్రిల్ 12న, అక్కడి జనరేటర్ గది కాలిపోయింది. ఒక మెకానిక్ చనిపోయాడు. మిగిలినవాళ్లు 20 మంది. చలికాలం అప్పుడే మొదలు, విమానం రావడానికి ఇంకా నెలల తరబడి టైముంది. ఆ చలిలో కరెంటు లేదు, వేడి లేదు. వాళ్లు ఏం చేశారంటే, అందరూ ఒక్క చోటికి చేరారు. ఆస్‌బెస్టాస్ పీచుతో వత్తులు పేని, పారఫిన్ మైనంతో కొవ్వొత్తుల్లాంటివి చేసి, వాటి వేడికి బతికారు. మూలన పడేసిన పాత డీజిల్ ఇంజన్లను బాగుచేసి తిప్పారు. వాతావరణం లెక్కలు రాయడం కూడా మానలేదు. 20 మందీ బతికే తిరిగొచ్చారు.

బాపు చనిపోయిన మెకానిక్ గురించి ఒక మాట అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. లేచి బయటికి పోయి గోడ దగ్గర కాసేపు నిలబడి వచ్చాడు.

ఈలోగా అమ్మ తన ప్రశ్న అడిగింది. ఆమెకు ఇంజన్లు, గ్యాసులు అక్కర్లేదు. "పొద్దు పొడువదంటున్నరు, నిజమేనా?"

నిజమే. దక్షిణార్ధగోళం కాబట్టి మన ఎండాకాలం వాళ్లకు చలికాలం. ఇక్కడ రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగిలే రోజుల్లో మైత్రిలో సూర్యుడు పోతాడు. మళ్లీ కనిపించేది సుమారు రెండు నెలలకు, ఇక్కడ బోనాల సీజన్ నడిచే జూలై చివర్లో. దక్షిణ ధ్రువం మీదే కట్టిన అమెరికా వాళ్ల స్టేషన్లో అయితే ఆర్నెల్లు చీకటే, ఏడాది మొత్తానికి ఒకే పొద్దుపొడుపు, ఒకే పొద్దుగూకుడు. మధ్యలో జూన్ 21 వస్తుంది. సగం చీకటి గడిచిన రోజు. అన్ని దేశాల స్టేషన్లకూ అదే పెద్ద పండుగ. ఒకరికొకరు గ్రీటింగ్ కార్డులు పంపుకుంటారు, మంచి వంటలు చేసుకుంటారు. దసరా, దీపావళి వాళ్ల వాళ్ల ఇళ్ల గుర్తుకు చేసుకుంటారు గానీ, అందరికీ ఉమ్మడి పండుగ మాత్రం ఇదే.

"మరి ఆడోళ్లు ఉంటరా?"

ఉంటారు, తక్కువ. ఈ సంగతి చెప్పడానికి మాత్రం నాకు ఉత్సాహమొచ్చింది, ఎందుకంటే ఇందులో మన షాద్‌నగర్ ఉంది. ఉపగ్రహాలు కొన్ని ధ్రువాల మీదుగా తిరుగుతాయి, రోజుకు పద్నాలుగు చుట్లు. తిరిగిన ప్రతిసారీ అవి మన దేశం మీదుగా రావు గానీ, ధ్రువాల దగ్గరికి మాత్రం వస్తాయి. అందుకే ఇస్రో భారతి స్టేషన్ దగ్గర ఒక యాంటెన్నా పెట్టింది. అది పట్టిన డేటా హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి వస్తుంది. ఆ యాంటెన్నా పని చూడడానికి 2016 నవంబర్‌లో మంగళా మణి అనే ఇస్రో శాస్త్రవేత్త వెళ్లారు. వయసు 56. అంతకుముందు మంచు పడటం కూడా చూడలేదట. 23 మంది జట్టులో ఆడమనిషి ఆమె ఒక్కరే. 403 రోజులు ఉండి వచ్చారు.

అమ్మ మనసులో ఏదో లెక్క వేసుకుంది. "యాబై ఆరా? నాకంటె రొండేండ్లు పెద్ద." ఆ తర్వాత ఆ విషయం మీద ఇంకేం అడగలేదు.

నా ప్రశ్న వేరే. అది నేను అందరి ముందు అడగలేదు, రాత్రి తమ్ముడితో మేడ మీద కూర్చున్నప్పుడు అడిగాను. "అవే మొఖాలు, ఏడాది. నువ్వు మన ఇంట్ల నలుగురితోనే వారం కుదురుగ ఉండవు."

ఇది చిన్న విషయం కాదు. జర్మనీ వాళ్ల నాయ్‌మాయర్ స్టేషన్లో పద్నాలుగు నెలలు ఉన్న తొమ్మిది మంది మెదళ్లను పోయే ముందు, వచ్చాక స్కాన్ చేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకాలకు, దారి గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే భాగం ఒకటి కొంచెం కుంచించుకుపోయింది. కారణం కొత్తదనం లేకపోవడం, మనుషులు లేకపోవడం అని వాళ్ల అనుమానం. చలికాలం గడిపినవాళ్లు నిద్ర పట్టకపోవడం గురించి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటో చూస్తూ ఉండిపోవడం గురించి చెబుతారు. చిత్రం ఏంటంటే, కష్టం ఎక్కువయ్యేది మొదట్లో కాదు, పూర్తిగా చివర్లోనూ కాదు. సగం దాటాక. ఇంకా ఇంతే ఉందా అని తెలిసిన రోజుల్లో.

మేమిద్దరం మాట్లాడుకుంటుంటే బాపు పైకొచ్చాడు. విన్నాడేమో. మెట్ల మీదే ఆగి అన్నాడు: "పెద్ద పెద్దయాటికి లొల్లులు గావురా. చాయ్ గిలాస కడగలేదని అయితయి. మా షిఫ్టుల ఇద్దరు ఆర్నెల్లు మాట్లాడుకోలే, టిఫిన్ డబ్బ మూత పోయిందని. అయినా గని, కప్పు సప్పుడైతె ఒగని జబ్బ ఒగడు వట్టుకోని గుంజిండు."

నిజానికి ఈ స్టేషన్లలో దానికీ ఒక పద్ధతి ఉంది. గిన్నెలు కడగడం, ఊడ్వడం అందరికీ వంతులవారీగా వస్తుంది. డాక్టరైనా, సైంటిస్టైనా, జట్టు నాయకుడైనా. చదువు ఎంతైనా వంతు రోజు చీపురు పట్టాల్సిందే. ఈ నియమం పెట్టినవాడికి మనుషుల గురించి బాగా తెలుసు.

ఇక్కడి దాకా అంతా తమ్ముడి గురించే. కానీ ఆ రాత్రి చదువుతూ చదువుతూ నేను అంటార్కిటికా వదిలేసి భూమికి అటు చివర, ఉత్తరాన ఒక ఊరి దగ్గర ఆగిపోయాను. అది చెప్పకుండా ఈ కాలమ్ ముగించలేను.

ఊరి పేరు న్యూ ఓలెసుండ్. నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఉత్తర ధ్రువానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో. మన దేశపు ఆర్కిటిక్ స్టేషన్ 'హిమాద్రి' 2008 నుంచి అక్కడే ఉంది. మొన్నమొన్నటి దాకా మనవాళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే పోయేవారు. 2023 డిసెంబర్‌లో మొదటిసారి చలికాలం జట్టును పంపారు. అక్కడ అక్టోబర్ చివర్లో పోయిన సూర్యుడు ఫిబ్రవరి మధ్యలో వస్తాడు. ఆ చీకట్లో ముప్పై నలభై మంది ఉంటారు, అన్ని దేశాలవాళ్లూ కలిపి. అందరికీ ఒకే మెస్. ధ్రువపు ఎలుగుబంటి వస్తే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరడానికి తలుపులకు తాళాలు వేయరు. ఊరు దాటితే తుపాకీ పట్టుకునే పోవాలి. మీకు నచ్చని సంగతి ఇంకోటుంది. అంతరిక్షం నుంచి వచ్చే అతి సన్నటి సంకేతాలను వినే యాంటెన్నాలు అక్కడున్నాయి కాబట్టి ఫోన్లో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. ఇంటర్నెట్ కావాలంటే కేబుల్ గుచ్చుకుని కూర్చోవాల్సిందే.

నేను ఆగిపోయింది వీటి దగ్గర కాదు. ఆ ఊరు ఒకప్పుడు బొగ్గు ఊరు. 1916-17లో బొగ్గు కోసమే పుట్టింది. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చిన బొగ్గు కంపెనీ, కార్మికుల ఇళ్లు, బొగ్గు మోసే చిన్న రైలు. ప్రమాదాలు ఒకదాని తర్వాత ఒకటి. 1962 నవంబర్ 5న బాయిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ విషయం మీద మర్నాడు ఏడాది నార్వేలో ప్రభుత్వమే పడిపోయింది. బొగ్గు తీయడం ఆపేశారు. ఆ తర్వాత ఊరు పరిశోధన ఊరైంది. ఆ పాత బొగ్గు కంపెనీ వారసత్వ సంస్థే ఇప్పటికీ ఆ ఊరి కరెంటు, మెస్, గదులు చూస్తుంది. బొగ్గు లాగిన చిన్న రైలింజన్ గుర్తుగా నిలబడి ఉంది. మనవాళ్లు మంచు, మబ్బులు, గాలి కొలిచే పరికరాలు పెట్టిన ఒక ల్యాబ్ పేరు గ్రూవెబాడెట్. ఆ మాటకు అర్థం 'గని స్నానాల గది'. షిఫ్ట్ దిగిన కార్మికులు ఒళ్లు కడుక్కున్న చోటు అది.

ఇది బాపుకు చెప్పాను. 21 మంది అనగానే ఆయన "మనకాడ పదిహేడు" అన్నాడు. 2003 జూన్ 16న మా గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు జొరబడి 17 మంది చనిపోయారు. నేనప్పుడు బడిలో ఉన్నాను. ఆ రోజు సాయంత్రం మా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు, అంతే గుర్తు.

నిజం చెప్పాలంటే, రాత్రి ఆ ఊరి గురించి చదువుతుంటే ముందు నాకు ఆశ పుట్టింది. బొగ్గు అయిపోయాక కూడా ఊరు బతకొచ్చన్నమాట. మా దగ్గర భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మా చౌరస్తాలో ఎవరిని కదిలించినా చివరికి ఆ మాటే వస్తుంది: బొగ్గు తర్వాత ఏంది? కానీ పొద్దున మళ్లీ ఆలోచిస్తే తేడా కనపడింది. న్యూ ఓలెసుండ్‌లో బతికింది ఇళ్లు. బొగ్గు తీసినవాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడున్నవాళ్లంతా వచ్చిపోయేవాళ్లే. అక్కడ మేం పుట్టి పెరిగామని చెప్పుకునేవాళ్లు లేరు. అట్లా బతకడం మా ఊరికి సరిపోదు. మా దగ్గర బతకాల్సినవాళ్లు ముప్పై నలభై మంది కాదు.

మా ఇంట్లో కిటికీ గూట్లో ఒక రాయి ఉంటుంది. బాపు ఎప్పుడో బాయిలోంచి తెచ్చాడు. నల్లటి పలక మీద పొడుగాటి ఆకు అచ్చు. చిన్నప్పుడు దాన్ని పేపర్ కింద పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్లం. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు అయి ఉండొచ్చు. గోదావరి లోయ బొగ్గు అయింది చాలావరకు ఆ చెట్లున్న అడవులే, పాతిక కోట్ల ఏళ్లకు ముందు. అప్పుడు మన నేల, అంటార్కిటికా కలిసే ఉండేవి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ జట్టు చనిపోయింది. తిండి లేక, నడవలేక పోతున్నా బండి మీంచి పారేయకుండా లాక్కొచ్చిన రాళ్లు 16 కిలోలు వాళ్ల దగ్గర దొరికాయి. వాటిలో ఈ ఆకు అచ్చులున్నాయి. అంటార్కిటికాలోనూ బొగ్గు ఉంది. తవ్వడానికి మాత్రం వీల్లేదు, అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 1998 నుంచి అమల్లో ఉంది.

"తవ్వద్దా?" అన్నాడు బాపు. "మంచిగైంది. గాడనన్న ఉండనీ."

తమ్ముడు నిన్న రాత్రి ఫారం నింపడానికి కూర్చున్నాడు. ఐటీఐ సర్టిఫికెట్, అనుభవం కాగితం, ఫొటో. అనుభవం కాగితం ఇవ్వడానికి కాంట్రాక్టర్ రెండు రోజులు తిప్పించుకున్నాడు, అది వేరే కథ. వీడికి వస్తుందో రాదో నాకు తెలియదు. ఈ పనుల్లో ఏళ్ల తరబడి చెయ్యి తిరిగినవాళ్లు వీడితో పోటీ పడతారు. వచ్చినా మెడికల్ ఉంది, ఔలి ఉంది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. వద్దని కూడా అనలేదు. వాడి పాత స్వెట్టర్ తీసి ఎండకేసింది. ఆ స్వెట్టర్‌తో అంటార్కిటికా ఏంటని మేం నవ్వలేదు.

ఫారంలో ఒక గడి దగ్గర వాడు ఆగాడు. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? పేరు, నంబరు.

"బాపూ, నీ నంబర్ రాస్తున్నా."

బాపు టీవీ సౌండ్ తగ్గించాడు. "నాది రాయకు. మీ అమ్మది రాయి. యాళ గాని యాళల సైరన్ మోగినప్పుడల్ల గేటు కాడికి ఉరికింది ఆమెనే. నేనెప్పుడూ లోపటనే ఉంటి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తమ్ముడు ఫోన్లో అమ్మ నంబర్ వెతుకుతున్నాడు. ఇన్నేళ్లుగా రోజూ చేసే నంబరే, ఒక్క అంకె కూడా వాడికి గుర్తులేదు. అమ్మ అక్కడి నుంచే ఒక్కో అంకె చెప్పింది, వాడు రాసుకున్నాడు.